మొదటి ముద్దకు మింగాల్సిన గోలీ

మా పెద్దనాయిన దశరథం పొద్దును చూసి పనిచేసే మనిషి. గద్వాల దగ్గర మా ఊళ్ళో విత్తనాల కోసం సీడు పత్తి వేసేవాళ్ళకు అది తప్పదు. ఆడ మొక్కల వరుసలు వేరు, మగ మొక్కల వరుసలు వేరు. మధ్యాహ్నం ఆడ వరుసల్లోకి దిగి, మర్నాడు విచ్చుకోబోయే మొగ్గలను వెతికి, రేకులనూ లోపలి పుప్పొడినీ గోటితో వలిచి, గుర్తుకు రంగు కాగితం తగిలిస్తాం. పొద్దున్నే మగ పువ్వులు తెంపుకొచ్చి, వలిచిన మొగ్గ కొసకు పుప్పొడి అద్దుతాం. దీన్నే క్రాసింగ్ అంటారు. అద్దడానికి ఒక వేళ ఉంది. ఎండ ముదిరితే మొగ్గ కొస ఎండిపోతుంది. ఆ తర్వాత ఎంత అద్దినా కాయ పట్టదు. పొద్దెక్కినంక పువ్వుకు రాసినా ఒకటే, రాయికి రాసినా ఒకటే అని పెద్దనాయిన ప్రతి ఏడూ అంటాడు.

పదో తరగతి సగంలో బడి మానేసి నేను క్రాసింగ్‌లోకి వచ్చినప్పుడు, పువ్వు నలగకుండా ఎలా పట్టుకోవాలో నేర్పింది ఆయనే. మా నాయినకు ఆయన అన్న. రెండిళ్ళకూ వాకిలి ఒకటే. నేను ఎక్కువ మాట్లాడను. మాట్లాడని పిల్ల ముందు మనుషులు ఏదీ దాచుకోరు కాబట్టి చూసినవి మాత్రం చాలా ఉంటాయి. పెద్దనాయిన చెయ్యి మెత్తన, నోరు గరుకు. కూలికి ఆలస్యంగా వచ్చిన ఆడమనిషిని చూసి, ఏమమ్మా, పల్లకి దొరకలేదా అంటాడు. అందరూ నవ్వుతారు. ఆ మనిషి కూడా నవ్వుతుంది. అన్న మాటను ఆయన అక్కడే వదిలేసి తర్వాతి మొగ్గ దగ్గరకు పోతాడు. మనసులో ఏమీ ఉంచుకోని మనిషని అందరూ చెప్పుకునేది అందుకే.

పోయిన ఏడాది వానలు వెనకబడుతున్నప్పుడు పెద్దమ్మ జమ్ములమ్మ కళ్ళు పచ్చబడ్డాయి. కామెర్లన్నారు. పసరు తాగించారు, ఉప్పూ నూనే మాన్పించారు. పచ్చదనం తగ్గకపోగా ఒళ్ళంతా దురద పట్టుకుంది. గద్వాలలో చూసిన డాక్టరు ఆలస్యం చేయొద్దని హైదరాబాదుకు పంపాడు. కడుపులో, పొట్టకు వెనక వైపున ఒక గ్రంథి ఉంటుందని, దాని తల దగ్గర క్యాన్సర్ గడ్డ పుట్టి పైత్యరసం దిగే దారిని మూసేసిందని అక్కడ చెప్పారు. పెద్ద ఆపరేషన్ చేసి గడ్డనూ ఆ గ్రంథి తలనూ తీసేశారు. అన్ని రోజులూ పెద్దనాయిన దవాఖాన మెట్ల మీదే ఉన్నాడు. పొలం మేము చూసుకున్నాం. క్రాసింగ్ వేళ పొలం వదిలిన సంవత్సరం ఆయన బతుకులో అదొక్కటే.

ఇంటికి పంపేటప్పుడు డాక్టర్లు ఆయనతో చెప్పింది ఇది. గడ్డ పోయింది గాని, దాని నలుసులు ఎక్కడైనా మిగిలి ఉండొచ్చు. వాటికి కీమో ఇంజెక్షన్లు ఇవ్వాలి. కాని ఆ మందు తట్టుకోవాలంటే ఒంట్లో సత్తువ ఉండాలి. బాగా తినిపించి, బరువు పెంచి తీసుకురావాలి. ఇంకా తగ్గిందంటే ఇంజెక్షన్ ఇవ్వలేం. తిన్నది అరగడానికని ఒక డబ్బాడు గోలీలు ఇచ్చి, అన్నంతో పాటు, మొదటి ముద్దకు మింగించమన్నారు.

ఆ డబ్బాను పెద్దనాయిన ఎండ తగలని మూల దూలానికి వేలాడే బుట్టలో పెట్టాడు. ఇంకెవర్నీ ముట్టనివ్వలేదు. పొలం నుంచి రాగానే కాళ్ళు కడుక్కుని, పీట మీద కూర్చుని, కంచంలో చెయ్యి పెట్టకముందే పిలిచేవాడు.

"ఏమే, గోలీ."

పెద్దమ్మ తడి చేతులు కొంగుకు తుడుచుకుంటూ వచ్చేది. ఆయన గోలీని ఆమె అరచేతిలో పెట్టేవాడు. ఆమె దాన్ని నీళ్ళతో మింగి, నోరు తెరిచి చూపించేది. అదొక ఆట వాళ్ళకు. గోలీ దిగిందని చూశాకే ఆయన మొదటి ముద్ద కలుపుకునేవాడు. జ్వరం వచ్చిన రోజు కూడా లేచి కూర్చుని ఇచ్చాడు. వీపనగండ్లలో ఉండే వాళ్ళ కూతురు మనీషా వచ్చి చూసి, మా నాయిన ఇంత చేస్తాడనుకోలేదని కళ్ళు తుడుచుకుంది. వాడకట్టు ఆడవాళ్ళు తమ మొగుళ్ళను దెప్పడానికి పెద్దనాయిన పేరే వాడుకున్నారు.

గోలీ మింగాక పెద్దమ్మ ఆయనకు వడ్డించేది. వంట చేయొద్దన్నందుకు రొట్టెలు నేనే కొడుతున్నాను గాని, వడ్డన మాత్రం ఆమె నాకు ఇవ్వలేదు. ఆయన తిని కాసేపు నడుం వాల్చేవాడు. అప్పుడామె బర్రెకు కుడితి పెట్టేది, గిన్నెలు సర్దేది. ఆయన లేచి పొలానికి వెళ్ళాక, పొయ్యి వెనక గోడకు ముఖం తిప్పుకుని కూర్చుని రొట్టె తినేది. అప్పటికి గడపలో ఉన్న నీడ వాకిలి దాటి బర్రె కొట్టం దాకా పోయేది. ఇది నేను చిన్నప్పటి నుంచీ చూస్తున్నదే. మా అమ్మ కూడా అంతే, కాకపోతే గోడకు తిరగదు. గోలీ సంగతి పెద్దనాయినది, తిండి సంగతి పెద్దమ్మది. రెంటినీ కలిపి చూసినవాళ్ళు మా వాకిట్లో ఎవరూ లేరు, నాతో సహా.

పెద్దమ్మ తింటోంది గాని చిక్కిపోతోంది. గాజులు మోచేతి దాకా జారేవి. రవిక కుట్టు వేసి బిగిస్తే మళ్ళీ వదులయ్యేది. పెద్దనాయిన ఆమెను పత్తి తూచే కాటా దగ్గరకు తీసుకువెళ్ళి బరువు చూడడం మొదలుపెట్టాడు. కాటా మీద ఆమె నిలబడితే అక్కడున్న హమాలీలు క్వింటాకు ఏం ధర పలుకుతుందని అడిగేవాళ్ళు. పెద్దమ్మ ఊరుకునేది కాదు.

"తడిసిన పత్తి అయితే జర బరువొస్తుంటి. నన్ను ఎండకు ఆరబెట్టిండు మా ఆయన," అనేది.

అందరూ నవ్వేవాళ్ళు. పెద్దనాయిన మాత్రం కాటా ముల్లునే చూస్తూ నిలబడేవాడు. ప్రతిసారీ కిందటిసారి కంటే తక్కువే ఉండేది. గోలీ ఒక్కటీ తప్పలేదు, ఇంట్లో జొన్నలున్నాయి, పాలున్నాయి, కోడిగుడ్లు పెడుతున్నాం. మరి ఇదంతా ఎటు పోతోందని ఆయన మమ్మల్నందరినీ అడిగాడు. ఎటు పోతోందో పెద్దమ్మకు తెలుసు. నూనె తేలినట్టు జిడ్డుగా విరేచనమవుతోందని, నీళ్ళు పోసినా పోదని, వాసన భరించలేక తానే చీకటితో లేచి కడుగుతోందని నాకొక్కదానికే చెప్పింది. పెద్దనాయినతో చెప్పనా అంటే, సిగ్గులేదా అని నా నెత్తిన మొట్టింది.

ఆ రోజుల్లోనే అచ్చంపేట నుంచి పెద్దమ్మ తమ్ముడు భాస్కర్ వచ్చాడు. కిరాణా కొట్టుతో పాటు ఏవో ఆరోగ్యం పొడులు కూడా అమ్ముతాడు. అక్క అంటే ప్రాణం. ఆమెను చూడగానే గోడవైపు తిరిగి ముఖం తుడుచుకుని, సంచిలోంచి ఒక డబ్బా తీశాడు. అందులోది ఎంజైముల పొడి అని, అన్నాన్ని అరిగించినట్టే క్యాన్సర్ గడ్డను కూడా అరిగించేస్తుందని, ఇది వాడితే ఇంజెక్షన్ల అవసరమే ఉండదని మీటింగులో చెప్పారట. పెద్దనాయిన డబ్బాను అటూ ఇటూ తిప్పి చూశాడు.

"గడ్డను అరిగించేది కడుపును అరిగించదా బామ్మర్దీ?" అని అడిగాడు.

భాస్కర్‌కు అది మీటింగులో చెప్పలేదు. అయినా ఆయన డబ్బాను విసిరేయలేదు. ముల్లు కిందికే పోతున్నప్పుడు మనిషి దేన్నీ విసిరేయలేడు. డాక్టర్లను అడిగాకే తెరుద్దామని దాన్ని సంచిలో పెట్టుకున్నాడు. ఈసారి దవాఖానకు నన్ను కూడా రమ్మన్నాడు. నేను పేర్లు చదవగలను, చెప్పింది గుర్తుపెట్టుకుంటాను అని.

బీచుపల్లి వంతెన మీదికి బస్సు రాగానే పెద్దనాయిన ఆంజనేయస్వామి గుడి వైపు తిరిగి దండం పెట్టాడు. కృష్ణ దాటేదాకా చేతులు దించలేదు. పెద్దమ్మ కిటికీకి తల ఆనించి నిద్రపోతోంది. ఆమె మెడ ఎముకల మధ్య గుంటలో పుస్తెలతాడు పడి ఉంది. ఆయన దాన్ని వేలితో తీసి సరిచేశాడు. నేను చూస్తున్నానని తెలిసి, ఎండ వస్తోందని పరదా లాగాడు.

దవాఖానలో డాక్టరు కాగితాలు చూసి, బరువు చూసి, ఈ స్థితిలో ఇంజెక్షన్ కుదరదన్నాడు. తిండి సంగతి చూసే శైలజ మేడం దగ్గరకు పంపాడు. ఆమె ముందు పెద్దనాయినను బయట ఉండమని పెద్దమ్మతో మాట్లాడింది. ఒక్కో ప్రశ్నకూ పెద్దమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని జవాబు చెప్పింది. జిడ్డు సంగతి విన్నాక మేడం తల ఊపి, పెద్దనాయినను లోపలికి పిలిచింది.

"గోలీలు సరిగ్గా వేస్తున్నరా?"

"ఒక్క పూట తప్పలే మేడం. నా చేత్తోనే ఇస్తున్న. మా ఊళ్ళె ఎవరినన్న అడుగుండ్రి."

"ఎప్పుడిస్తున్నరు?"

"మీరు చెప్పినట్టే. అన్నం యాల్లకు. కంచం ముందట కూసొనే ఇస్త."

"ఆమె కంచం ముందటనా?"

పెద్దనాయినకు ఆ ప్రశ్న అర్థం కాలేదు. "నా కంచం ముందట," అన్నాడు.

"మరి ఆమె ఎప్పుడు తింటది?"

ఆయన పెద్దమ్మ వైపు చూశాడు. ఆమె నేల చూస్తోంది. అప్పుడు నా వైపు తిరిగాడు.

"ఏ యాల్లకు తింటదే మీ పెద్దమ్మ?"

సొంత భార్య తినే వేళ ఆయన నన్నడిగాడు.  తెలియదని చెబితే ఆయన పరువు దక్కుతుంది. కాని ముల్లు కిందికి పోతోంది. చెప్పాను.

"నువ్వు తిని, పండుకొని లేసి, మల్ల పొలంకు పోయినంక, పెద్దనాయినా."

"ఆడమనిషి అందరు తిన్నంకనే తింటది గద మేడం," అని పెద్దమ్మ గబగబా అంది. "ఆయన తప్పేం లేదు."

మేడం ఎవర్నీ తిట్టలేదు. కాగితం మీద బొమ్మ గీసి చెప్పింది. తిన్నదాన్ని అరిగించే రసం ఆ గ్రంథిలోనే పుడుతుంది. సగం తీసేశాక రసం సరిపోవడం లేదు. ఈ గోలీలో ఉన్నది ఆ రసం చేసే పనే. తిండి కడుపులో ఉన్నప్పుడే అది పనిచేస్తుంది. ముందే మింగితే ఖాళీ కడుపులో కరిగి వెళ్ళిపోతుంది, తర్వాత వచ్చిన తిండి అరగక జిడ్డుగా బయటకు పోతుంది. మనిషి తింటూనే పస్తున్నట్టు అవుతుంది.

పెద్దనాయిన బొమ్మ మీద వేలు పెట్టి చూశాడు.

"అంటే మేడం," అన్నాడు మెల్లగా, "యాల్ల తప్పి పుప్పొడి అద్దినట్టు చేసిన నేను. ఇన్ని దినాలు."

ఆయన చెప్పింది మేడంకు అర్థమైందో లేదో. నాకు, పెద్దమ్మకు అర్థమైంది. మా ఇళ్ళలో అన్నం వేళ అంటే మగవాళ్ళు కూర్చునే వేళ. తర్వాత ఆడవాళ్ళు తినే వేళకు పేరు లేదు. దవాఖాన వాళ్ళు అన్నంతో పాటు అన్నప్పుడు, ఆయనకు కనబడింది ఆయన కంచమే.

ఇక నుంచి ఆమె పక్కన కూర్చుని తినిపించమని, మొదటి ముద్ద నోట్లో పెట్టాకే గోలీ మింగేలా చూడమని మేడం చెప్పింది. ఆమె తినేటప్పుడు ఎంత తింటుందో, ఎలా నములుతుందో చూశారా ఎప్పుడైనా అని అడిగింది.

"చూసిన మేడం," అన్నాడాయన. మళ్ళీ ఆలోచించాడు. "పెండ్లినాడు, బువ్వ కాడ."

పెళ్ళిలో కొత్త జంటకు ఒకే పళ్ళెంలో పెట్టే బువ్వ అది. మేడం రాస్తున్న కలం ఆగింది. పెద్దమ్మ అటు తిరిగి చీర కుచ్చెళ్ళు సర్దుకుంది.

లేచేముందు పెద్దనాయిన భాస్కర్ ఇచ్చిన డబ్బా తీసి చూపించాడు. మేడం దాని మీద రాసింది చదివి పక్కన పెట్టింది. ఎంజైములు గడ్డను తినేస్తాయని చాలామంది చెబుతారు గాని అది రుజువు కాలేదని, ఆ నమ్మకంతో ఇంజెక్షన్లు మానితే మనిషి దక్కదని చెప్పింది. ఆమెకిచ్చిన గోలీలు కూడా క్యాన్సర్‌ను తగ్గించవు. తిన్నది ఒంటికి పట్టేలా చేస్తాయి. ఒంటికి పడితే వైద్యం తట్టుకుంటుంది. వాటి పని అంతే, కాని ఇప్పుడు ఆమెకు అదే పెద్ద పని అంది. తర్వాత ఆ డబ్బాను భాస్కర్ వచ్చి మాట్లాడకుండా తీసుకుపోయాడు. ఇంకెవరికీ అమ్మలేదని విన్నాను.

ఇంటికి వచ్చిన మర్నాడు పెద్దనాయిన రెండు పీటలు వేశాడు. రెండు కంచాలు పెట్టాడు. నన్ను వడ్డించమని, పెద్దమ్మను వచ్చి కూర్చోమన్నాడు. ఆమె వచ్చింది, కూర్చుంది. రొట్టె తుంచింది. తుంచిన ముక్కను పప్పులో అద్ది పట్టుకుని అలాగే ఉండిపోయింది. ఆయన గోలీ పట్టుకుని చూస్తున్నాడు. ఆమె ముక్కను కంచంలో పెట్టేసింది. కడుపు బరువుగా ఉందంది. సాయంత్రం కూడా అంతే. మర్నాడు ఆయన పొద్దున పొలానికి వెళ్ళలేదు. ఏమైందే, అరగదా, నొప్పా అని అడిగాడు. ఏం లేదంది. తర్వాత ఆయన గొంతు పెరిగింది. సావాలని ఉందా ఏంది అన్నాడు. ఆ మాట అన్న వెంటనే ఆయన ముఖం చూస్తే తానే దెబ్బ తిన్నట్టు ఉంది.

పెద్దమ్మ కోపపడలేదు. పొయ్యిలో బూడిదను పుల్లతో గీస్తూ మాట్లాడింది.

"నీ ముందట నాకు ముద్ద దిగదు మనీషా నాయినా. అలవాటు లేదు."

"నేనేం పులినా?"

"వలస పోయినం చూడు, కర్ణాటకల కాలువ పనికి. మనీషా కడుపుల ఉండె."

ఆమె చెప్పింది ఇది. పెళ్ళయిన కొత్తలో గుంపుతో కలిసి కాలువ తవ్వడానికి వెళ్ళారు. గుంపు మొత్తానికి వంట పెద్దమ్మదే. ఒకరోజు పిండి తక్కువ పడింది. మధ్యాహ్నం దాటినా మగవాళ్ళు రాలేదు. కడుపుతో ఉన్న మనిషి, కళ్ళు తిరిగి, వాళ్ళు రాకముందే రొట్టె తినేసింది. తింటూ ఉండగానే గుంపు వచ్చింది. పంచుకుంటే చివరివాడికి తుంపే మిగిలింది.

"అప్పుడు నువ్వన్నవు, అందరు ఇనంగ. కుక్క గూడ యజమాని వచ్చేదాక ఆగుతది, నీకు ఆగనీకి రాదా అని. అందరు నవ్విండ్రు. నా నోట్లె రొట్టె ఉండె. మింగల్నా, ఊంచల్నా తెల్వలే."

పెద్దనాయిన ఆ రోజును వెతుకుతున్నట్టు గోడ వైపు చూశాడు. కాలువ గుర్తుంది, గుంపు గుర్తుంది, మేస్త్రీ పేరు కూడా చెప్పాడు. ఆ మాట మాత్రం ఆయనకు దొరకలేదు.

"నాకు యాదికి లేదే," అన్నాడు.

"నీకెందుకుంటది? అన్నోళ్ళకు యాదికుండదు, పడ్డోళ్ళకుంటది."

 ఆమె గొంతులో నిష్ఠూరం ఉంటే ఆయనకు కొంత తేలికయ్యేదేమో. కూలికి వెళ్ళిన ఊరి పేరు చెప్పినట్టు చెప్పింది. మనీషా ఇప్పుడు పిల్లల తల్లి. అన్నేళ్ళుగా ఆమె ఆయన వెనక, గోడకు తిరిగి, ఆ మాటకు కట్టుబడి తిన్నది. ఆయన అది ఆడవాళ్ళ పద్ధతి అనుకున్నాడు. అనుకోవడం కూడా కాదు, అసలు ఆ వైపు చూడలేదు.

ఆయన లేచి వాకిట్లోకి వెళ్ళి బర్రె దగ్గర నిలబడ్డాడు. నేను కంచాలు తీయాలా వద్దా తెలియక కూర్చున్నాను. చాలాసేపటికి లోపలికి వచ్చి, తన కంచం ఎత్తి నాకిచ్చాడు. తన పీటను గడప అవతల, దూరంగా వేసుకున్నాడు.

"నువ్వు తిన్నంకనే నేను తింట. కుక్క గూడ ఆగుతది గద. నేను ఆగుత."

పెద్దమ్మకు మొదటిసారి కోపం వచ్చింది. ఊళ్ళో నవ్వుతారంది. మొగోడు పస్తుండగా ఆడది తింటదా, నాకేం పాపం చుట్టుకోవాలె అంది. ఆయన కదల్లేదు. ఆ పూట ఆమె తినలేదు, ఆయనా తినలేదు. రొట్టెలు గట్టిపడి పాపడాల్లా అయ్యాయి. మా అమ్మ వాకిలి అవతల నుంచి చూసి, ఇద్దరు ముసలోళ్ళు అలక పాన్పు ఎక్కినరా అంది. ఎవరూ నవ్వలేదు. సాయంత్రం ఆయన పొలంలో మొగ్గలు వలుస్తుంటే గోరు తప్పి ఒక మొగ్గ విరిగింది. అది చూసిన కూలీ ఆడవాళ్ళు ఆయన నోటి నుంచి ఏదో మాట వస్తుందని ఎదురుచూశారు. రాలేదు.

రాత్రి తినే వేళకు పెద్దమ్మ పొయ్యి దగ్గర కూర్చుని, నన్ను ఒక రొట్టె పెట్టమంది. గడప అవతల ఆయన ఉన్నాడు. ఆమె గోడకు తిరగలేదు, ఆయన వైపూ తిరగలేదు. పొయ్యి వైపు చూస్తూ రొట్టె తుంచి నోట్లో పెట్టుకుంది. ఆయన గబుక్కున లేచి గోలీ అందించాడు. ఆమె మింగింది. తర్వాతి తుంపు, ఆ తర్వాతి తుంపు. ఆయన పీట మీదికి వెళ్ళి తల దించుకుని కూర్చున్నాడు. చూడాలని ఎంత ఉన్నా చూడకుండా ఉన్నాడని నాకు తెలుస్తోంది.

అలా కొన్నాళ్ళు గడిచింది. జిడ్డు తగ్గిందని పెద్దమ్మ నా చెవిలో చెప్పింది. ఈసారి పెద్దనాయినతో కూడా చెప్పనిచ్చింది. కాని కొత్త చిక్కొకటి వచ్చింది. ఆయన ఆకలితో కూర్చున్నాడని ఆమె నమలకుండా మింగేస్తోంది. మెల్లగా తినాలని మేడం చెప్పింది. ఆయన ఆగితే ఆమె తొందరపడుతుంది, ఆయన ముందు తింటే ఆమె గోడకు తిరుగుతుంది. అన్నేళ్ళ నాటి మాట ఎటు తిరిగినా అడ్డం వస్తోంది. ఆయన అది గమనించి, పొలంలోనే ఏదో తిన్నానని అబద్ధం చెప్పడం మొదలుపెట్టాడు. పొలంలో ఆయన ఏమీ తినలేదని నేను చూశాను. చెప్పలేదు.

కాటా మీద ముల్లు ముందు ఆగింది. తర్వాత కొంచెం పైకి కదిలింది. హమాలీలు ధర పెరిగిందన్నారు. దవాఖానలో డాక్టరు బరువు చూసి, రక్తం పరీక్షలు చూసి, ఇంజెక్షన్ మొదలుపెడదామన్నాడు. ఇది నయం చేస్తుందని మాట ఇవ్వలేదు. వైద్యం చేయడానికి వీలు పడింది అన్నాడు. పెద్దనాయిన ఆ మాటకే రెండు చేతులూ జోడించాడు.

ఇంజెక్షన్‌కు ముందు కొంచెం తినమన్నారు. వార్డు బయట వరండాలో జనం కింద కూర్చుని ఉన్నారు, ఎవరి సంచులు వాళ్ళ దగ్గర. మేమూ గోడ పక్కన దుప్పటి పరుచుకున్నాం. నేను టిఫిన్ గిన్నె తెరిచి, మూతలో రొట్టె, గుడ్డు కూర పెట్టాను. పెద్దనాయిన గోలీ ఇచ్చి, అలవాటుగా లేచి దూరంగా స్తంభం దగ్గరకు వెళ్ళబోయాడు.

పెద్దమ్మ ఆయన పంచె కొస పట్టుకుంది. చుట్టూ అంతమంది చూస్తుండగా రొట్టె తుంచి నోట్లో పెట్టుకుంది, గోలీ మింగింది. నెమ్మదిగా నమిలింది. అయ్యాక మూతను ఆయన వైపు జరిపింది.

"కుక్క ఆగింది సాలు. కూసో, తిను."

పక్కన కూర్చున్నవాళ్ళెవరో నవ్వారు. ఆమె కూడా నవ్వింది. పెద్దనాయిన నవ్వలేదు. కూర్చుని, అదే మూతలోంచి రొట్టె తుంచుకున్నాడు. తుంచినది చాలాసేపు చేతిలోనే ఉంది. ఆమె తినడం చూశాకే నోట్లో పెట్టుకున్నాడు.

ఇంజెక్షన్ అయ్యాక బస్సులో ఆమె నా ఒళ్ళో తల పెట్టుకుని నిద్రపోయింది. కృష్ణ దాటాక, ముందు సీట్లో ఉన్న పెద్దనాయిన వెనక్కి తిరిగాడు. ఈసారి గుడి వైపు దండం పెట్టడం మరిచిపోయాడు.

"ఆ దినం అందరు నవ్విండ్రన్నది గద," అన్నాడు మెల్లగా. "నేను గూడ నవ్విన్నా? జర అడిగి చెప్పు."

అడుగుతానని గాని, అడగనని గాని నేను అనలేదు. ఆయన ముందుకు తిరిగాడు. ఇప్పటికీ నేను అడగలేదు. రోజూ ఒకే కంచం దగ్గర కూర్చుంటున్నారు, ఆయనే అడగొచ్చు. గోలీ తీసి పట్టుకుని ఆమె మొదటి ముద్ద కోసం చూస్తున్నప్పుడు, అడగబోతున్నట్టు ఆయన పెదవులు కదులుతాయి. అంతలో ఆమె ముద్ద నోట్లో పెట్టుకుంటుంది. ఆయన గోలీ అందిస్తాడు.